గంజి నూలు, మోటరు ఊపిరి

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకోవాలనిపిస్తే చాపుకోండి, మోకాళ్ల నొప్పుల ఈడు మనది, తప్పు పట్టేవాళ్లు ఇక్కడెవరూ లేరు. నేను చదివింది మూడో తరగతి. అక్షరం వంకరగా పడితే పడుతుందేమో గానీ, జరిగిన సంగతిని మాత్రం వంకర చేయకుండా చెప్పగలను.

మొన్న నా మనవరాలు నన్ను మహబూబ్‌నగర్‌లో కళ్ల దవాఖానకు కారులో తీసుకుపోతూ, దారిలో పొగ కొలిచే బండి దగ్గర ఆపింది. అక్కడ పనిచేసే పిల్లవాడు కారు వెనక గొట్టంలో ఏదో కడ్డీ పెట్టి చూసి, పొగ ఎక్కువొస్తోందని ముందు మూత తెరిచి, బొటనవేలంత నల్లటి గొట్టం ఒకటి చూపించాడు. ఇది ఇంజనుకు ఊపిరి గొట్టం అమ్మా, మసితో పూడుకుపోయింది, లోపలి ఆవిరి పోయే దారి లేక నూనె పైకి తంతోంది అన్నాడు. ఇంజన్లు కూడా ఊపిరి తీస్తాయా నానమ్మా అని నా మనవరాలు నవ్వుతూ నావైపు తిరిగింది. తీస్తాయి బిడ్డా అన్నాను. నా మొహం వేడెక్కడం నాకే తెలిసింది. ఇన్నేండ్లయినా ఆ సిగ్గు చల్లారలేదంటే మీరు నమ్మాలి.

నన్ను ఇచ్చింది హుజూర్‌నగర్‌కు కొంత దూరంలో ఉన్న నేతపని వాళ్లుండే ఒక సాలె వాడకు. అరవైల మొదట్లో మాట. ఆ వాడ కత ఏమిటంటే, పొద్దున పోతే నడవడానికి దారి ఉండదు, ఇటు చివర నుంచి అటు చివర దాకా పడుగులు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, సాపి ఉంటాయి, ఇద్దరు మొగవాళ్లు చెరో పక్కన కుంచె పట్టుకుని గంజి పూస్తూ పోతుంటారు, ఎండ ముదరకముందే ఆ పని కావాలి కాబట్టి ఎవరూ ఎవరితో మాట్లాడరు. పిల్లలు పడుగుల కింద నుంచి వంగి పోవాలే తప్ప దాటకూడదు. కొత్త కోడలిగా పోయిన నాకు మొదట నేర్పింది వంట కాదు, అట్లా వంగి నడవడమే.

మా మామ ఆ వాడలో పేరున్న నేతగాడు. ఆయన గంజి పెట్టిన పడుగు మీద చెయ్యి వేస్తే నూగు తగలదని చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు చెప్పుకునేవారు. దారానికి ఉండే నూగును గంజి అణచిపెడుతుంది, నూగు అణిగితేనే పోగు తెగకుండా దువ్వెనలాంటి అచ్చులో నుంచి జారుతుంది, అదే నేతకు ప్రాణం అని నాకు కూడా కూర్చోబెట్టి చెప్పాడు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఒకటి మామది, రెండోది మా ఇంటాయనది. కానీ నేను కాపురానికి పోయేసరికే ఆ రెండో మగ్గం మీద దుమ్ము పేరుకుని ఉంది, ఎందుకంటే మా ఇంటాయనకు మోటర్ల పిచ్చి పట్టింది.

ఆ కాలంలో కృష్ణ నీళ్ల కోసం కాలువ తవ్వుతున్నారు. తవ్వినమేర తవ్వి, నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని రోజులు. లారీలు, రోలర్లు, కంట్రాక్టర్ల జీపులు మా వాడ పక్క నుంచే పోయేవి. ఒక లారీ చెడిపోయి మా వాడ మొగదల రెండు రోజులు నిలబడితే ఆయన దాని కింద దూరాడు, అంతే, మళ్లీ మగ్గం మొహం చూడలేదు. హుజూర్‌నగర్‌లో ఒక మోటరు షెడ్డులో పనికి కుదిరాడు. నూనె మరకల అంగీతో పొద్దున పనికి పోతుంటే వాడలో వాళ్లు పడుగులు ఎత్తిపట్టుకునేవారు, తగిలితే మరక పోదని. వాళ్ల తప్పు లేదు, కానీ మా మామకు అది చెప్పుదెబ్బ. తండ్రీ కొడుకులకు మాటలు పోయాయి. చివరకు కులపెద్దల ముందు ఒక ఒప్పందమైంది. ఆ ఎండకాలం దాటేలోపు ఆయన సొంతంగా షెడ్డు పెట్టుకుంటే సరే, లేకపోతే మోటర్లను మరిచి మళ్లీ మగ్గం గుంటలో కూర్చోవాలి. ఆయన ఒప్పుకున్నాడు. మగ్గమైనా అవుతుంది, షెడ్డయినా అవుతుంది, రెండూ కాదు.

ఇప్పుడు చిన్నదొర సంగతి చెప్పాలి. మా ఊరి దొరగారి కొడుకు, పట్నంలో చదివి వచ్చినవాడు. కోటలాంటి వాళ్ల గడిలో నైజాం కాలం నాటి ఇంగ్లీషు మోటరు కారు ఒకటి కొట్టం కింద పడి ఉండేది. దాని సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టేవట, గడిలో పనిచేసే ఆడవాళ్లు పొద్దున్నే మోటరు తలుపు తీసి గుడ్లు ఏరుకునేవారట. కాలువ కంట్రాక్టరు ఒకాయనకు కూడా మంచి మోటరు ఉంది. ఇద్దరికీ ఎక్కడ మాట పెరిగిందో గానీ, నీళ్లు రాని కాలువలో, గట్టి మట్టి మీద, ఇద్దరి మోటర్లకూ పందెం అనుకున్నారు. కాలువ చూస్తే గీత గీసినట్టు మైళ్ల దూరం తిన్నగా ఉంది, అటూ ఇటూ గట్లు, గట్ల మీద జనం కూర్చుని చూడడానికి అంతకన్న మంచి జాగా ఎక్కడ దొరుకుతుంది?

ఆ పాత మోటరును లేపే పని మా ఇంటాయనకు వచ్చింది. గెలిస్తే బస్సులు ఆగేచోట రోడ్డు పక్కన షెడ్డుకు జాగా ఇస్తానని చిన్నదొర అందరి ముందూ మాటిచ్చాడు. మా బతుకంతా ఆ మోటరు మీద కూర్చుందని మీకు అర్థమై ఉంటుంది.

ఇంజను పాతది. లోపల మండిన పొగ కొంత అరిగిన సందుల్లో నుంచి కిందికి జారి, నూనె ఉండే తొట్టిలో చేరుతుందట. అది బయటికి పోవడానికి ఇంజను నెత్తి మీద నుంచి ఒక గొట్టం ఉంటుంది, దాన్నే ఆయన ఊపిరి గొట్టం అనేవాడు. ఆ మోటరులో ఆ గొట్టం తిరిగి ఇంజను గాలి పీల్చుకునే చోటికే పోయేది. దాంతో నూనె పొగ మళ్లీ లోపలికే పోయి, మసిపట్టి, ఎక్కువ వేగంలో ఇంజను దగ్గేది. ఆయన ఆ గొట్టాన్ని అక్కడి నుంచి పీకి, పక్కకు తిప్పి, ఒక రేకు డబ్బాకు అతికించి, డబ్బాకు చిన్న బెజ్జాలు పెట్టాడు. మోటరు ఒక్కసారిగా పదేండ్లు చిన్నదైనట్టు ఉరికింది. కానీ కాలువలో దుమ్ము సంగతి ఏమిటి? బెజ్జాల్లో నుంచి దుమ్ము లోపలికి పోతే ఇంజను అరిగిపోతుంది. ఊపిరి బయటికి రావాలి, దుమ్ము లోపలికి పోకూడదు. అందుకని డబ్బాలో కొబ్బరి పీచు కూరి చూస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఆ డబ్బాను తిప్పుతుంటే, మా మామ మగ్గంలో నుంచి లేచి వచ్చి నిలబడ్డాడు. ఏడాదిగా కొడుకుతో మాట లేని మనిషి. నేను లోపల గడప దగ్గర బియ్యంలో రాళ్లు ఏరుతూ చేతులు ఆపేశాను.

“గీ పీచు దుమ్మును ఆపుతదారా?” అన్నాడు.

“ఆపుతది గానీ బాపూ, దీని పొట్టు దీంట్లకే రాలుతాంది. గది ఇంజన్లకు పోతదని ఫికరైతాంది.”

మామ లోపలికి పోయి, బట్ట కోశాక మగ్గానికి మిగిలే పడుగు కొసలను ఒక గుప్పెడు తెచ్చాడు. గంజి పట్టి, వెంట్రుకల్లా నిగనిగలాడుతున్నాయి.

“గిది పెట్టు. గంజి వట్టిన నూలుకు నూగు లేవది. పిడికిట్ల వట్టి గుంజినా ఒక్క పోగు రాలది.”

మా ఇంటాయన సాలె ఇంట్లో పుట్టినవాడే, ఆ మాటలో ఉన్న నిజం ఆయనకూ తెలుసు. ఇద్దరూ ఆ డబ్బా ముందు కూర్చుని పోగులు సరిచేసి, చుట్టలు చుట్టి, ఒత్తి ఒత్తి నింపారు. పక్కింటి పిల్లలు కూడా వచ్చి చూశారు. మా అత్త నా పక్కన చేరి, మోచేత్తో పొడిచి, “సూసినవా బిడ్డా, ఇద్దరు ఒక్క డబ్బల తలకాయలు పెట్టిన్రు” అన్నది. ఆ రోజు మా ఇంట్లో అందరూ కలిసి తిన్నారు. ఊరి పొలిమేర దాకా మోటరు నడిపి చూస్తే ఏ లోపమూ కనబడలేదు. కొంచెం దూరమే గదా, ఇంజను వేడెక్కనే లేదు.

పందెం రోజు గట్ల మీద తిరునాళ్లలా ఉంది. ఆడవాళ్లం ఒక పక్క కొంగులు నెత్తిన కప్పుకుని కూర్చున్నాం. మా మామ తను నేసిన తెల్లటి ధోవతి కట్టి, కులపెద్దల నడుమ కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ గొప్పలు చెప్పే మనిషి కాదు, కానీ ఆ రోజు నోరు ఆగలేదు. ఆ మోటరు ఊపిరి మా ఇంటి నూలు మీద నడుస్తుంది అని పక్కనున్న ప్రతి మనిషికీ చెప్పాడు. దూరాన్నుంచి నాకు వినబడింది, నా ఛాతీ కూడా ఉప్పొంగింది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

మొదట చిన్నదొర నడిపే మోటరే ముందుంది. ఎర్రటి దుమ్ము లేపుకుంటూ ఒకసారి అటు పోయి, తిరిగి వస్తోంది. మేము కూర్చున్న చోటికి వచ్చేసరికి దాని కింద నుంచి తెల్లటి పొగ మొదలైంది. జనం అది వేగమనుకుని కేకలు వేశారు. అంతలో ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది గానీ మోటరు మాత్రం ముందుకు పోవడం లేదు, జారుడు నేల మీద ఎద్దులా నిలబడిపోయింది. కంట్రాక్టరు మోటరు పక్క నుంచి దూసుకుపోయింది. చిన్నదొర మూత తీసేసరికి నూనె కొలిచే కడ్డీ ఎగిరిపడి, ఆ రంధ్రంలో నుంచి నూనె చిమ్మి, ఆయన తెల్ల అంగీ నల్లగా అయింది.

కంట్రాక్టరు డ్రైవరు వచ్చి ఇంజనులోకి తొంగి చూసి, ఆ డబ్బా విప్పి, లోపలున్నదాన్ని ఒక పుల్లతో గుచ్చి పైకెత్తాడు. ఇంజను వేడికి, ఊపిరిలోని చెమ్మకు గంజి ఉడికి, నూలంతా ఒక్క ముద్దయింది. ఆవిరి పోయే దారి మూసుకుపోయి, అది నూనెను ఎటు వీలైతే అటు తన్నింది, కొంత పోయి ఇంజను బలాన్ని చక్రాలకు అందించే క్లచ్చు బిళ్లల మీద పడితే అవి జారిపోయాయి. ఇదంతా తర్వాత ఆయన నాకు విడమరిచి చెప్పింది. ఆ పూట మాత్రం జనానికి కనబడింది పుల్ల చివర వేలాడుతున్న నల్లటి ముద్ద ఒక్కటే.

“మోటరుకు జొన్నగట్క పెట్టిన్రుర బై! తిని పండుకున్నది!” అని ఎవరో అరిచారు. రెండు గట్లూ కలిసి నవ్వాయి. అంత నవ్వు నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

“ఎవలు పెట్టిన్రు గిది?” అన్నాడు చిన్నదొర.

మా మామను చూశాను. అప్పటిదాకా ఆయన గొప్పలు విన్నవాళ్లంతా ఆయననే చూస్తున్నారు. ఆయన లేచి నిలబడ్డాడు, నోరు తెరిచాడు, పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఈలోపు కింద కాలువలో నుంచి మా ఇంటాయన గొంతు వినబడింది.

“నేనే పెట్టిన దొరా. నాకు తెల్వక పెట్టిన.”

చిన్నదొర తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది. నవ్వి, చేతులకంటిన నూనె మా ఇంటాయన భుజం మీది తువ్వాలకు తుడుచుకుని, “పోయి మగ్గం నేసుకోవోయ్” అన్నాడు. మామ ఎట్లా లేచాడో అట్లాగే కూర్చుండిపోయాడు.

గట్టు దిగి ఇంటికి పోవడం ఎట్లా జరిగిందో చెప్పలేను. ఎవరూ దారికి అడ్డం రాలేదు, ఎవరూ పలకరించలేదు, పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. తప్పు చేసినవాడికి ఉండే సిగ్గు ఒకటి, తన మనిషి నలుగురిలో తల వంచుకుంటే చూసినవాళ్లకు పుట్టే సిగ్గు ఇంకొకటి. ఆ రెండోదానికి ఎవరినీ క్షమాపణ అడగలేము, ఎవరూ మనల్ని క్షమించలేరు. అది ఒంటికి అంటుకుని ఉండిపోతుంది. నా పండ్ల సందుల్లో దుమ్ము కరకరలాడడం, అత్త చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుని ఉండడం, ఈ రెండే గుర్తు.

మాటంటే మాటే. మరునాడు ఆయన మగ్గం దులిపి గుంటలో కూర్చున్నాడు. ఏడాది పాటు మా మామ ఏ చప్పుడు కోసం చెవులు రిక్కించి బతికాడో, ఆ రెండో మగ్గం చప్పుడు ఇప్పుడు ఇంట్లో మోగుతుంటే, ఆయన తట్టుకోలేకపోయాడు. కొడుకు అడ్డపోగు మోసే నాడె విసిరినప్పుడల్లా తన నాడె ఆపేవాడు. తినేటప్పుడు కంచంలోకే చూసేవాడు. ఆ నూలు ఇచ్చింది బాపు అని మా ఇంటాయన ఎవరితోనూ అనలేదు, కళ్లారా చూసిన నాతో కూడా అనలేదు. మీరిద్దరూ కలిసే గదా నింపారు అని నేను ఒకసారి అంటే, “నేనే పెట్టిన” అని అదే మాట.

కొన్నాళ్లకు మామ పొద్దున్నే బయటికి పోయి మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చాడు. ఎక్కడికి పోయాడో గడిలో పనిచేసే మా వాడ ఆడమనిషి చెబితే తెలిసింది. గడి ముందు ఎండలో నిలబడి ఉండి, చిన్నదొర బయటికి వచ్చాక చెప్పులు విడిచి, నూలు నాది దొరా, పోరని తప్పు లేదు, ఆ జాగా ఇప్పించు అని అడిగాడట. చిన్నదొర లోపలున్న చుట్టాలను కేకేసి పిలిచి, మళ్లీ చెప్పమన్నాడట, వాళ్లు కూడా వినాలని. మామ మళ్లీ చెప్పాడట. వాళ్లు నవ్వుకుని లోపలికి పోయారట. జీవితంలో ఎవరి ముందూ చెయ్యి చాపని మనిషి. కాలువలో రాని మాట గడి ముందు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ నవ్వులపాలైంది.

ఆ మరుసటి రోజు నేను బావి నుంచి నీళ్లు తెచ్చేసరికి మామ తట్టతో మట్టి మోస్తున్నాడు. మా ఇంటాయన మగ్గాన్ని విప్పి, కట్టెలు గోడకు ఆనించి, కొడుకు కాళ్లు పెట్టుకునే గుంటలో మట్టి పోస్తున్నాడు. అత్త ఏడుస్తూ అడ్డం పోయింది, తట్టతోనే పక్కకు జరిపాడు. మా ఇంటాయన గుమ్మంలో నిలబడి, బాపూ ఇదేంది, నేను మాట మీదనే ఉన్న గదా అన్నాడు. మామ ఇంకో తట్ట కుమ్మరించాడు. గుంట నిండాక దాని మీద నిలబడి, కాళ్లతో తొక్కి సమం చేసి, అప్పుడు చెప్పాడు.

“గీ ఇంట్ల నీకు మగ్గం లేదు. నాకు తెలిసిన పని నాకుండనీ, నీకు తెలిసిన పనికి నువ్వు పో. నా మొకం సూసుకుంట ఈడ కూసోకు బిడ్డా. నేను సూడలేను.”

కొడుకును ఇంట్లో నుంచి వెళ్లగొట్టాడని వాడంతా అనుకున్నారు. ఆయన అనుకోనిచ్చాడు. మేము మహబూబ్‌నగర్ వచ్చేశాం. మా ఇంటాయన ఇతరుల షెడ్లలోనే పనిచేశాడు, సొంత షెడ్డు ఆయనకు రాసిపెట్టి లేదు. మామ మా ఇంటికి ఒక్కసారి కూడా రాలేదు. పెళ్లిళ్లలో, చావుల్లో కలిసేవారు. పక్కపక్కన కూర్చునేవారు, వానల గురించి, నూలు ధర గురించి మాట్లాడుకునేవారు. నా వల్ల నా కొడుకు నవ్వులపాలయ్యాడని ఆయన, నా వల్ల నా తండ్రి గడి ముందు నిలబడ్డాడని ఈయన, ఎవరి సిగ్గు వాళ్లు కడుపులో దాచుకుని ఇద్దరూ వెళ్లిపోయారు. ఒక్క మాట అనుకుంటే తీరిపోయేదేమో. ఆ ఒక్క మాట మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు.

ఇప్పుడు ఆ కాలువ నిండా నీళ్లు. వాడలో పడుగులు సాపేవాళ్లు లేరు, పిల్లలు నిటారుగా నడుచుకుంటూ పోతున్నారు. ఈ కాలపు పిల్లలు నలుగురిలో పడిపోతే తమ ఫోన్‌లో తామే చూసుకుని నవ్వుతారు, సాయంత్రానికి మరిచిపోతారు. చూసి మొదట సిగ్గులేదనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అట్లా నవ్వడం మాకు వచ్చి ఉంటే ఆ గుంట పూడేది కాదు, ఆ ముసలాయన ముప్పయ్యేండ్లు ఒక్క మగ్గం చప్పుడుతో బతికేవాడు కాదు అనిపిస్తుంది. అయినా నా కాలపు మనిషిని నేను. తండ్రి పరువు కోసం నేనే పెట్టిన అన్నవాడిని, కొడుకు కోసం చెప్పులు విడిచినవాడిని తలుచుకుంటే, సిగ్గుతో వంగిన నా తల ఇంకొంచెం వంగుతుంది, అది సిగ్గో మరేమిటో నాకే తెలియదు.

ఇంతసేపు ఓపికగా కూర్చుని విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో పెద్దలకు పిల్లల ముందు తప్పు ఒప్పుకునే ధైర్యం, పిల్లలకు దాన్ని నవ్వకుండా వినే మనసు దేవుడివ్వాలి. మీ పొయ్యి ఆరకూడదు, మీ వాకిట్లో మాట ఆగకూడదు.